ఐసీయూలో ఐదో ఏడు: డ్యూటీ టైమ్ దగ్గరపడుతుంటే కడుపులో దడ

రాత్రిడ్యూటీ (విజయవాడ)

అందరికీ నమస్తే. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేరాను. ఐదో ఏడు నడుస్తోంది. మార్నింగ్ 8 నుంచి 2, ఈవినింగ్ 2 నుంచి 8, నైట్ 8 నుంచి 8. నెలకు పదిహేను నైట్లు పడుతున్నాయి, అవీ వరసగా ఆరేసి. చేరిన కొత్తలో ఒక వెంటిలేటర్ బెడ్, దాని పక్కన మామూలు బెడ్ ఒకటి ఇచ్చేవారు. ఇప్పుడు రాత్రిపూట నా ఒక్కదానికే నాలుగు బెడ్లు, అందులో రెండు వెంటిలేటర్లు.

సాయంత్రం యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటేనే కడుపులో దడ మొదలవుతుంది. బస్సు దిగాక గేటు దాకా నడవడానికి కాళ్ళు రావు. ఒకప్పుడు పేషెంట్ కళ్ళు తెరిచాడంటే ఇంటికెళ్ళి అమ్మకి చెప్పేదాన్ని. ఇప్పుడు మూడో బెడ్, ఐదో బెడ్ అనే గుర్తుంటోంది, పేర్లు గుర్తుండడం లేదు. మొన్న ఒకావిడ "అమ్మా, ఆయనకి నోరు ఎండిపోతోంది" అని మూడోసారి చెప్తే కసిరాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళి కూర్చుంది. ఆ ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

పోయిన వారం తెల్లవారుజామున నాలుగున్నరకి మూడో బెడ్‌కి ఇవ్వాల్సిన ఇన్సులిన్ పట్టుకుని నాలుగో బెడ్ దగ్గర నిలబడ్డాను. పక్కనున్న జూనియర్ "అక్కా, ఆయన షుగర్ 92" అంది. ఆ పిల్ల చూడకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి. ఇన్‌చార్జికి చెప్పలేదు, మెమో ఇస్తారని భయం.

ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది. మానేయాలా, వార్డుకి మార్పించుకోవాలా, లేక నాకే ఓపిక తగ్గిపోయిందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కొల్లేటికొంగ (ఏలూరు)

చెల్లీ, నేనూ స్టాఫ్ నర్సునే, క్యాజువాలిటీలో. రెండేళ్ళ కిందట నైట్ దిగి బైక్ మీద ఇంటికి వస్తుంటే హనుమాన్ జంక్షన్ ఎప్పుడు దాటానో గుర్తు లేదు. ఇల్లు చేరాక బండి స్టాండ్ వేస్తూ వణికిపోయాను. 17 గంటలు మేలుకుని ఉంటే మెదడు పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటిలా మందగిస్తుందని 1997లోనే పరీక్షించి రాశారు. నువ్వు పగలంతా పాపతో గడిపి రాత్రి 8కి డ్యూటీ ఎక్కితే, నాలుగున్నరకి ఎన్ని గంటలు అయిందో లెక్క వేసుకో. బెడ్ తప్పింది నీ చేతకానితనం వల్ల కాదమ్మా. నైట్ దిగాక బండి మాత్రం నడపకు.

పాతవార్డు (గుంటూరు)

తల్లీ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో 34 ఏళ్ళు చేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. మా రోజుల్లో సర్జికల్ వార్డులో రాత్రి అరవై మందికి ఇద్దరం. మంచాలు చాలక కింద కూడా పరుపులు వేసేవాళ్ళం. అయినా నెట్టుకొచ్చాం. మనది సేవ. కొంచెం ఓపిక పట్టు, దేవుడి మీద భారం వెయ్యి. పాప కాస్త పెద్దదైతే అన్నీ సర్దుకుంటాయి. ఐసీయూ పని వచ్చినవాళ్ళు దొరకడం కష్టం, తొందరపడి మానేయకు.

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మా, మీ అనుభవం ముందు నేను చిన్నదాన్ని. కానీ ఓపిక పట్టమనే మాట దగ్గర మీతో ఒప్పుకోలేకపోతున్నాను. ఓపిక అయిపోయేదాకా పట్టాకే ఈ అమ్మాయి ఇక్కడికొచ్చి అడుగుతోంది.

2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల లెక్కలు తీసింది. ఒక్కో నర్సుకి అదనంగా ఒక్క పేషెంట్ పెరిగితే ఆ నర్సు బర్నవుట్ అయ్యే (పనిభారంతో లోపల ఆరిపోయే) అవకాశం 23 శాతం పెరిగింది, సర్జరీ పేషెంట్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. అంటే మనం అలసిపోవడం, అక్కడ పేషెంట్‌కి ప్రమాదం రావడం రెండూ ఒకే చోట మొదలవుతున్నాయి. కాలిఫోర్నియాలో 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేశారు: ఐసీయూలో ఒక నర్సుకి ఇద్దరికి మించి ఇవ్వకూడదు. మన దగ్గర కూడా ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఒకరికి ఒకరు, లేనివారికి ఇద్దరికి ఒకరు అని ఉంది. నీకు ఇచ్చింది రెండు వెంటిలేటర్లు, పైన ఇంకో రెండు బెడ్లు. ఆ పని ముగ్గురు చెయ్యాలి. ముగ్గురి పని మీద వేసుకుని, నాకే ఓపిక తగ్గిందా అని అడుగుతున్నావు.

ఇంకో మాట. నన్ను లోపల తినేసింది పనిభారం కాదు, లామా కేసులు, అంటే డాక్టర్ వద్దన్నా ఇంటికి తీసుకెళ్ళిపోయేవి. వెంటిలేటర్ మీద కొంచెం కొంచెం తేరుకుంటున్న మనిషిని డబ్బులు అయిపోయాయని సంతకం పెట్టి తీసుకెళ్ళిపోతారు. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ దాటింది, ఇంక అప్పు పుట్టదు అని కొడుకు తల వంచుకుని చెప్తాడు. వెంటిలేటర్ తీసి అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) వాళ్ళ చేతికిచ్చి ఎలా నొక్కాలో నేర్పేది మనమే. ఒకసారి అలా ఒక తాతని ఆటోలోకి ఎక్కించి లోపలికి వచ్చి వెంటనే ఆ బెడ్‌కి కొత్త దుప్పటి పరిచాను. నాలుగు రోజుల తర్వాత ఇంట్లో పప్పులో తాలింపు మాడిందని కూర్చుని ఏడ్చాను. దేనికి ఏడుస్తున్నానో మా అమ్మకి అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

చేయాల్సింది ఏమిటో తెలిసి కూడా చేయనివ్వని పరిస్థితి వల్ల కలిగే ఈ బాధని నైతిక వేదన అంటారు. 1984లో ఆండ్రూ జేమ్టన్ నర్సుల గురించి రాస్తూనే దానికి ఆ పేరు పెట్టారు. పేరు తెలిసినంత మాత్రాన బాధ పోదు కానీ, నేను పిచ్చిదాన్ని కాదని ఆ రోజు అర్థమైంది.

పాతవార్డు (గుంటూరు)

అమ్మాయీ, నువ్వు చెప్పింది రెండుసార్లు చదివాను. ఒక నిజం చెప్తాను. నెట్టుకొచ్చాం అన్నాను కదా, మాలో అందరూ నెట్టుకురాలేదు. నాతోపాటు చేరిన ఆవిడ పదకొండో ఏట ఉద్యోగం వదిలేసింది. నాకు నలభై దాటాక నిద్ర మాత్ర లేకుండా నిద్ర పట్టలేదు. దాన్ని సేవలో భాగం అనుకున్నానే గానీ జబ్బు అనుకోలేదు. మాకు ఉన్న ఒక్క అదృష్టం, రాత్రి రెండింటికి నాలుగు వార్డుల వాళ్ళం డ్యూటీ రూములో కూర్చుని క్యారేజీలు విప్పేవాళ్ళం. ఎవరి వార్డులో ఎవరు పోయారో అక్కడే చెప్పుకునేవాళ్ళం, అక్కడే ఏడ్చేవాళ్ళం. మీకు ఆ పది నిమిషాలు కూడా లేవని ఇప్పుడు తెలుస్తోంది.

లిమరిక్‌లో_తెలుగు (ఐర్లండ్)

అక్కడ ఐదేళ్ళు, ఇక్కడ మూడేళ్ళు చేశాను కాబట్టి తేడా చెప్తాను. ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి 37.5 గంటలు. షిఫ్ట్ 12 గంటలైనా వారానికి మూడు రోజుల చొప్పున పడుతుంది. షిఫ్ట్‌కి షిఫ్ట్‌కి మధ్య 11 గంటల విశ్రాంతి ఇవ్వాలని యూరప్ నిబంధన. వెంటిలేటర్ పేషెంట్ ఉంటే నాకు ఆ ఒక్కరే. నా బ్రేక్ టైమ్‌లో ఇంకొకరు వచ్చి నా బెడ్ తీసుకుంటారు. మొదటి వారం బ్రేక్‌కి వెళ్ళమంటే నేను కదలలేదు, తప్పు చేస్తున్నట్టు అనిపించింది. ఇక్కడ అలసట లేదని కాదు. చలికాలంలో క్యాజువాలిటీలో ట్రాలీల మీద పేషెంట్లు నిండిపోతారు, ఇక్కడివాళ్ళూ విసిగిపోయి మానేస్తున్నారు. ఒంటరితనం వేరే. అందుకని దేశం దాటితే అన్నీ తీరిపోతాయని చెప్పను.

ఇక్కడ నేర్చుకున్నది ఒకటి మాత్రం మీరు రేపే మొదలుపెట్టొచ్చు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ ఆసుపత్రిలో పనిచేసిన జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు ఒక పద్ధతి మొదలుపెట్టాడు. పేషెంట్ చనిపోయాక అక్కడున్న డాక్టర్, నర్సు, వార్డ్ బాయ్ అందరూ ఒక్క నిమిషం పాటు మౌనంగా నిలబడతారు. ఈ మనిషి ఒకరికి భర్త, ఒకరికి తండ్రి, మనం చేయగలిగింది చేశాం అని ఒకరు చెప్తారు. అంతే, తర్వాత పని. మా యూనిట్‌లో అలా చేస్తాం. ఆ నిమిషం లేకుండా నేరుగా పక్క బెడ్‌కి వెళ్ళిన రోజు పోయినవాళ్ళు నాతోపాటే ఇంటికి వస్తారు. దీనికి మేనేజ్‌మెంట్ అనుమతి అక్కర్లేదు, ఖర్చు లేదు.

మనసువైద్యం (విశాఖపట్నం)

నేను సైకియాట్రీ డాక్టర్‌ని. బర్నవుట్ అనే మాటని 1974లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ వాడుకలోకి తెచ్చారు. ఉచిత క్లినిక్‌లో ఇష్టంగా చేరిన వాలంటీర్లు ఏడాది తిరిగేసరికి ఎలా ఆరిపోతున్నారో చూసి రాశారు. మనసు పెట్టి చేసేవాళ్ళకే ముందు వస్తుందని అప్పుడే గమనించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పనికి సంబంధించిన స్థితిగా నిర్వచించింది, జబ్బుగా మాత్రం లెక్కించలేదు. మూడు గుర్తులు చెప్పింది: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద దూరం లేదా విసుగు, చేస్తున్నది సరిగా చేయలేకపోతున్నాననే భావన. మీరు రాసిన కాళ్ళు రాకపోవడం, పేర్లు మరిచి బెడ్ నంబర్లు గుర్తుండడం, ఇన్సులిన్ తర్వాత భయం ఈ మూడింటికీ సరిపోతున్నాయి.

అయితే ఒకటి జాగ్రత్తగా చూసుకోండి. రెండు మూడు రోజులు సెలవు దొరికితే తేలిక పడుతున్నారా? పాపతో ఆడుకుంటే నవ్వు వస్తోందా? వస్తే చాలావరకు ఇది పని తెచ్చిన అలసట. సెలవులో కూడా ఏదీ రుచించక, రెండు వారాలుగా నిద్ర, ఆకలి చెడి, బతికి ఏం లాభం అనే ఆలోచన వస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది, ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. కాన్పు అయి రెండేళ్ళే కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి. రక్తం తక్కువై కాళ్ళు లాగుతుంటే దాన్ని మనోబలం మీద వేసుకుని బాధపడే నర్సుల్ని చాలామందిని చూశాను.

రాత్రిడ్యూటీ (విజయవాడ)

డాక్టర్ గారూ, పాపతో ఉంటే నవ్వు వస్తోంది. చనిపోవాలనే ఆలోచన లేదు. ఆఫ్ రోజు మధ్యాహ్నం దాకా బాగుంటాను, సాయంత్రం అయ్యేసరికి రేపటి డ్యూటీ గుర్తొస్తుంది. రక్తపరీక్ష రేపే చేయిస్తాను. గోదారిగట్టు అక్కా, దుప్పటి పరిచిన మాట చదివి ఆగిపోయాను. నేనూ అలాంటివి ఎన్నో పరిచాను.

రోస్టర్‌పుస్తకం (హైదరాబాద్)

నేను ఐసీయూ ఇన్‌చార్జిని, ఎనిమిదేళ్ళుగా రోస్టర్ (డ్యూటీల పట్టిక) రాస్తున్నాను. అటువైపు కూర్చున్నదాన్ని కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ముందు ఆ ఇన్సులిన్ సంగతి మీ ఇన్‌చార్జికి చెప్పండి. పేషెంట్‌కి హాని జరగకుండా ఆగిన తప్పు అది, దాన్ని రాసిపెట్టడం మీ తప్పు ఒప్పుకోవడం మాత్రమే కాదు. రాత్రి నాలుగున్నరకి, వరసగా పడ్డ నైట్లలో, నాలుగు బెడ్లతో ఇది జరిగిందని రాస్తే అది యూనిట్ గురించిన సాక్ష్యం అవుతుంది. దాచుకుంటే మాత్రం అది మీ ఒక్కరి భారమే అవుతుంది. మెమో ఇచ్చే చోట్లు ఉన్నాయి, కాదనను. అందుకే నోటితో చెప్పి వదిలేయకుండా తేదీ, టైమ్, బెడ్లు, ఎవరు పట్టుకున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆ జూనియర్ పేరు మంచిగా రాయండి, ఆ పిల్ల చేసింది పెద్ద పని.

రెండోది, "నాకు కష్టంగా ఉంది" అని ఒక్కరే వస్తే మేనేజ్‌మెంట్ "నీకు చేతకాకపోతే మానేయ్" అంటుంది. నేను విన్నాను ఆ మాట. నలుగురు కలిసి పుస్తకం పట్టుకుని వస్తే అంత తేలిగ్గా అనలేరు. రెండు వారాలు ప్రతి షిఫ్ట్‌లో ఎన్ని బెడ్లు, ఎన్ని వెంటిలేటర్లు, ఎంతమంది స్టాఫ్, ఎవరికి బ్రేక్ దొరికిందో గీతలు గీసి రాయండి. మా యూనిట్‌లో అలా రాశాకే రాత్రి ఒంటిగంట నుంచి ఐదు దాకా ఒక అదనపు స్టాఫ్ వచ్చింది. అడిగింది ఇద్దరిని, ఇచ్చింది ఒకరిని. ఆ ఒక్కరితో అందరం పదేసి నిమిషాలు కూర్చోగలిగాం.

మూడోది రోస్టర్. ఆరు నైట్లు వరసగా వేయడం ఇన్‌చార్జికి సుళువు, మనిషి ఒంటికి కాదు. మూడు వేసి రెండు ఆఫ్‌లు ఇస్తే తేరుకుంటారు. మార్నింగ్ నుంచి ఈవినింగ్‌కి, ఈవినింగ్ నుంచి నైట్‌కి ముందుకు జరిగితే శరీరం సర్దుకుంటుంది. నైట్ నుంచి వెనక్కి ఈవినింగ్‌కి, ఆ పైన మార్నింగ్‌కి తోస్తే కుదేలవుతారు. ఇది డబ్బుతో పని లేని మార్పు, ముందు దీన్నే అడగండి.

నైట్‌లో తెల్లవారుజామున మూడు దాటాక టీ వద్దు, తాగిన కెఫీన్ సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది, పొద్దున నిద్ర పట్టనివ్వదు. రాత్రి రెండింటికి బయటినుంచి తెప్పించిన బిర్యానీ కంటే ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం మేలు. ఇరవై నిమిషాల కునుకు దొరికితే సిగ్గుపడకండి.

నర్సుభర్త (ఖమ్మం)

మగవాణ్ణి, నర్సుని కాను. మా ఆవిడ డయాలసిస్ యూనిట్‌లో చేస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్ళకి ఒక మాట చెప్పాలని రాస్తున్నాను.

మొదట్లో మా ఇంట్లో "పగలు పది గంటలకి నిద్రేమిటి" అని మా అమ్మ అనేది. నేను నోరు మూసుకుని ఊరుకునేవాణ్ణి. ఆమె నైట్ దిగి వచ్చి అంట్లు తోమి, వంట చేసి, పన్నెండుకి నడుం వాల్చేది. మళ్ళీ నాలుగింటికి బాబు బడినుంచి వచ్చేవాడు. అలా ఎన్ని నెలలు గడిచాయో. ఒకరోజు వంటగదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు అమ్మని కూర్చోబెట్టి, రాత్రంతా మనం పడుకున్న ఎనిమిది గంటలు తను నిలబడి ఉంది, ఆ ఎనిమిది గంటలు ఇప్పుడు పడుకోవాలి అని చెప్పాను. అమ్మకి అర్థమైంది. ఇప్పుడు నైట్ మర్నాడు వంట అమ్మది, బాబు నా బాధ్యత, గది కిటికీకి మందపాటి దుప్పటి కట్టాం, కాలింగ్ బెల్ స్విచ్ ఆపేస్తాం. గ్యాస్ బండ అతను కూడా ఫోన్ నాకే చేస్తాడు.

చెల్లెమ్మా, మీ ఆయన ఈ చర్చ చదివితే బాగుంటుంది. ఆయన చెడ్డవాడై ఉండడు, మీరు చెప్పకపోతే తెలియదు.

కొల్లేటికొంగ (ఏలూరు)

జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు. సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన కమిటీ 2016లో చెప్పింది: 200 కంటే ఎక్కువ పడకలున్న ప్రైవేటు ఆసుపత్రులు ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలి, 50 లోపు పడకలున్నచోట కూడా 20 వేలకు తగ్గకూడదు. మనలో ఎంతమందికి అది అందుతోంది? నేను నెలకు నాలుగు అదనపు డ్యూటీలు చేసేది ఇంటి అద్దె కోసమే. నిద్రపొమ్మని సలహా ఇచ్చేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

గోదారిగట్టు (రాజమండ్రి)

నిజం అన్నా. డబ్బు కోసం డబుల్ డ్యూటీ చేసే పిల్లలకి ధ్యానం క్లాసులు పెట్టి సరిపెట్టారు మా దగ్గర. క్లాసు కూడా నైట్ దిగిన వెంటనే. నాకు ఆ రోజు చాలా కోపం వచ్చింది.

రాత్రిడ్యూటీ (విజయవాడ) — నాలుగు వారాల తర్వాత

అందరికీ చెప్పాలని వచ్చాను. హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. ఐరన్ మాత్రలు వాడుతున్నాను. మెట్లెక్కితే ఆయాసం కొంచెం తగ్గింది.

ఇన్సులిన్ సంగతి రాసి ఇచ్చాను. ఇన్‌చార్జి సిస్టర్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాకూ ఒకసారి ఇలాగే అయింది" అన్నారు. మెమో రాలేదు. ఐదుగురం కలిసి రెండు వారాలు లెక్క రాశాం. పద్నాలుగు నైట్లలో పదకొండు రాత్రులు ఎవరికీ బ్రేక్ లేదు. అది పట్టుకుని నర్సింగ్ సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మొదట కోపంగానే మాట్లాడారు, పుస్తకం మాత్రం తీసుకుని ఉంచుకున్నారు. ఇప్పటికి జరిగింది ఇది: వరసగా మూడు నైట్లకి మించి వేయడం లేదు, నాలుగు బెడ్లు మూడయ్యాయి. రెండు వెంటిలేటర్లు మాత్రం అలాగే ఉన్నాయి. కొత్త స్టాఫ్ గురించి వచ్చే నెల చూస్తామన్నారు. చూడకపోతే రెండో పుస్తకం పట్టుకుని వెళ్తాం, నేను స్టెప్‌డౌన్ వార్డుకి (ఐసీయూ నుంచి తేరుకున్నవాళ్ళని ఉంచే వార్డు) అర్జీ కూడా పెట్టుకున్నాను.

నేను కసిరిన ఆవిడ భర్త వార్డుకి మారారు. వెళ్ళి కలిశాను. క్షమించమని అడిగితే, "నువ్వు ఆ రోజు తిన్నావా తల్లీ" అని అడిగింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది, ఎందుకంటే తినలేదు.

పాతవార్డు (గుంటూరు)

కళ్ళు చెమర్చాయి తల్లీ. మా గుంటూరు వస్తే ఇంటికి రా.

కొత్తగాచేరా (నెల్లూరు)

అక్కా, నేను బీఎస్సీ నర్సింగ్ అయి ఆరు నెలల కిందట చేరాను. మా యూనిట్‌లో కూడా ఆ పుస్తకం మొదలుపెడదాం అనుకుంటున్నాం. గడులు ఎలా గీశారో చెప్తారా?

రాత్రిడ్యూటీ (విజయవాడ)

తప్పకుండా చెల్లీ. మామూలు వంద పేజీల నోట్‌బుక్. తేదీ, షిఫ్ట్, మొత్తం బెడ్లు, వెంటిలేటర్లు, స్టాఫ్ ఎంతమంది, ఎవరికైనా బ్రేక్ దొరికిందా, వరసగా ఎన్నో నైట్, చివరి నిమిషంలో ఆగిన తప్పులు ఉంటే అవి. పేషెంట్ పేర్లు, మన పేర్లు రాయొద్దు. చివర ఒక గడి వదులు, దాంట్లో ఆ రాత్రి అన్నం తిన్నారా లేదా అని రాయండి. హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీ వాళ్ళకి అప్పగింత) అయ్యాక, బ్యాగు భుజాన వేసుకోకముందే నింపండి, ఇంటికెళ్ళి రాద్దాం అనుకుంటే ఎవరూ రాయరు.